సూది ఒకటి, పట్టుకునే ఏర్పాటు ఒకటి

ఆకాశానికి లిఫ్టు వెయ్యాలంటే భూమధ్యరేఖ మీదే వెయ్యాలని శాస్త్రం చెబుతుంది. భూమధ్యరేఖ మన రాష్ట్రం మీదుగా పోకపోవడం ఒక చారిత్రక అన్యాయమని ప్రభుత్వం చెబుతుంది. రెండు వాదనలూ విన్నమీదట లిఫ్టును మొగదిబ్బలో వేశారు.

మొగదిబ్బ ఉత్తరాంధ్ర తీరంలో, ఏరు సముద్రంలో కలిసే చోట ఉన్న ఊరు. నూట అరవై గడపలు, ఎనభై పడవలు, ఒక ఐసు ఫ్యాక్టరీ. భూమధ్యరేఖ అక్కడికి రెండు వేల కిలోమీటర్లు. ఆ తేడాను ఫైల్లో ‘స్థానిక పరిస్థితులకు అనుగుణంగా సర్దుబాటు’ అని రాసుకున్నారు. అలా రాసుకున్నాక భూమి కూడా పెద్దగా అభ్యంతరం చెప్పలేదు.

లిఫ్టంటే మరేం లేదు. ముప్పై ఆరు వేల కిలోమీటర్ల ఎత్తున ఒక ఉపగ్రహం, దాన్నుంచి నేలదాకా వేలాడే ఒక తాడు, ఆ తాడు పట్టుకుని పైకి పాకే ఎనిమిది సీట్ల గది. తాడును ఇంజనీర్లు ‘ఊర్ధ్వ సంధాన తంతువు’ అంటారు. మిగతా లోకం తాడే అంటుంది. ఆ తాడు తొమ్మిది నెలలపాటు మేఘాల్లోంచి దిగి, దిగి, ఒకరోజు పొద్దున్న నేలకు పదిహేడు అడుగుల ఎత్తులో ఆగిపోయింది. అంచనాలు మంజూరు చేసినప్పుడు చివరి అంకెలు మరీ చిల్లరగా కనబడితే ఎవరో పెద్దమనసు చేసుకుని వాటిని సున్నాలు చేశారట.

పదిహేడు అడుగులూ పూడ్చి, మిగిలింది ఒడ్డు పొడుగునా లాగి పట్టుకునేంత ముక్క తెప్పించారు. జిగురు పెట్టి అతికించారు, ఊడింది. క్లిప్పులు బిగించారు, ఎగిరి ఐసు ఫ్యాక్టరీ కప్పు మీద పడ్డాయి. విదేశాలనుంచి ఒక నిపుణుణ్ని పిలిపిస్తే ఆయన వేలాడుతున్న కొసను చాలాసేపు చూసి, దానితో ఒక ఫోటో దిగి వెళ్లిపోయాడు.

ఆ వారమే సూరాడ పోలమ్మ క్యాంటీనుకు ఎండు నెత్తళ్ల చేపలు ఇవ్వడానికి వచ్చింది. అరవై ఏడేళ్ల మనిషి. నెత్తిమీది తట్ట దించి, కాసేపు తల పైకెత్తి చూసి, తాడు కలపడానికి ఇంతమంది ఎందుకని అడిగింది. బొడ్లోంచి వల అల్లే సూది తీసింది. నిచ్చెనెక్కి, పైతాడు పేటలు విప్పి, కిందితాడు పేటలు విప్పి, ఒకదాన్లోకి ఒకటి దూర్చి, ఎడంచేత్తో మూడు పూటల్లో అల్లేసింది. ఆ ముడి మీదే ఇక మానవజాతి అంతరిక్షానికి వెళ్లాలి. రోజూ పొద్దున్నే మొగదిబ్బవాళ్లు ఎనిమిదిమంది కిందితాడును బిగలాగి పట్టుకోవడం, పోలమ్మ నిచ్చెనెక్కి ముడి చూసుకుని రావడం, ఆ తర్వాతే ఇంజనీర్లు టిఫిను తినడం అలవాటైపోయింది.

ఈ ఘనకార్యం మీద ఇరవై రెండు నిమిషాల డాక్యుమెంటరీ తియ్యమని సుగుణాకర్‌ను పంపించారు. ముప్పై నాలుగేళ్ల సుగుణాకర్ అంతకుముందు కాలువ గట్ల మీదా, కొబ్బరి పీచు మీదా, ఒకసారి ఒక మంత్రిగారి మోకాలి ఆపరేషన్ మీదా డాక్యుమెంటరీలు తీసి మంచిపేరు తెచ్చుకున్నాడు. నెల తిరక్కుండా తీసేశాడు. సినిమా నిండా పోలమ్మే. పోలమ్మ చేతులు, పోలమ్మ సూది, పోలమ్మ పళ్ల సందున పట్టుకున్న పేట.

సినిమాకు ఒక ఉత్తర్వు జతయి ఉంది. డాక్యుమెంటరీలో నిర్మాణకర్తలుగా కనబడినవారిలోంచే తొలి ప్రయాణానికి ఎనిమిదిమందిని తీసుకోవాలి. ఈ సంగతి పోలమ్మ చెవిన పడింది.

ఆమెకు చంద్రుడితో పని లేదు, నక్షత్రాలతో అంతకన్నా లేదు. ఆమె గొడవంతా మరిది నూకరాజుతో. కార్తీకంలో కవళ్ల చేపల మంద ఏరు సముద్రంలో కలిసే మొగ దాకా వచ్చి అక్కణ్నుంచి ఎటు తిరుగుతుందనేది ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ ఇద్దరి మధ్యా నలుగుతున్న తగువు. ఉత్తరానికి అంటాడు నూకరాజు. దక్షిణానికి అంటుంది పోలమ్మ. ఊరు రెండుగా చీలి పెద్దవలను ఒక ఏడు అటూ ఒక ఏడు ఇటూ వేస్తోంది. రెండువైపులా అంతో ఇంతో పడుతోంది కాబట్టి తగువు తేలడం లేదు. పైనుంచి చూస్తే చేపల మంద నీళ్లలో నల్లటి మరకలా కనబడుతుందని ఇంజనీరు ఒకాయన నోరుజారాడు. అప్పట్నుంచి పోలమ్మకు అంతరిక్షమంటే మక్కువ పుట్టింది. ఓడినవాళ్లు ఊరందరి ముందూ తప్పు ఒప్పుకోవాలని వదినా మరిదీ పందెం వేసుకున్నారు.

“నాకు సాలువలొద్దు, సన్మానాలొద్దు బావూ,” అంది పోలమ్మ సుగుణాకర్ కంచంలో మూడోసారి నెత్తళ్ల పులుసు వేస్తూ. “ఒక్కపాలి పైకెక్కించీ. ఆడి నోరు మూయించీసి దిగిపోతాను.”

“మీరు లేకుండా ఆ గది కదలదు మామ్మా,” అన్నాడు సుగుణాకర్.

పులుసు అంత బాగుండకపోతే అంత గట్టిగా మాటిచ్చేవాడు కాదేమో. ఇచ్చేశాడు.

*

సినిమాను మొదట చూసింది ప్రాతినిధ్య పర్యవేక్షణాధికారి చిదానందంగారు. మనిషి నెమ్మదస్తుడు, ఎవర్నీ పల్లెత్తు మాట అనడు. తలలు లెక్కపెట్టే యంత్రం ఒకటి, బస్సు కండక్టర్ల టిక్కెట్టు మిషన్లాంటిది, ఒళ్లో పెట్టుకుని చూశాడు. పన్నెండో నిమిషంలో ఆపమన్నాడు.

“చిత్రం చూడ్డానికి చాలా బాగుంది,” అన్నాడు. “కాకపోతే ఆ అంశం మా పరిధిలోకి రాదు.”

ఆయన పరిధిలోకి వచ్చేది ప్రాతినిధ్య సూచిక. వందకు పదకొండు వచ్చింది. తెరమీద ఉన్న తొమ్మిదిమందీ ఒకే ఊరివాళ్లని, తొమ్మిదిమందీ తాడు పట్టుకునే ఉన్నారని, తాడు పట్టుకోని కోట్లాది ప్రజలకు ఇది ఎలాంటి సందేశం ఇస్తుందో ఆలోచించారా అని ఆయన బాధగా అడిగాడు.

“లిఫ్టు కట్టింది వాళ్లేనండీ,” అన్నాడు సుగుణాకర్.

“అదే మా అభ్యంతరం. కట్టినవారికి కట్టే అవకాశం ఇదివరకే లభించింది. కనబడే అవకాశం కూడా వారికే ఇస్తే ఒకే వర్గానికి రెండు అవకాశాలు ఇచ్చినట్టవుతుంది కదండీ.”

ఆయన నిబంధనల అనుబంధం తీసి సుగుణాకర్ చేతిలో పెట్టాడు. అందులో నలభై రెండు గడుల పట్టిక. తీరంవాళ్లు, మైదానంవాళ్లు, మన్యంవాళ్లు. చదువుకున్నవాళ్లు, చదువుకోనివాళ్లు, చదివింది మర్చిపోయినవాళ్లు. ఎత్తంటే ఇష్టమైనవాళ్లు, ఎత్తంటే కళ్లు తిరిగేవాళ్లు. కుడిచేతివాటం, ఎడంచేతివాటం, ఏ చేత్తోనూ ఏ పనీ చెయ్యనివాళ్లు. లిఫ్టుకన్నా మెట్లే మేలనుకునేవాళ్లు. లిఫ్టును వ్యతిరేకించేవాళ్లు. చివరి గడిలో, ఈ విషయంలో ఎలాంటి అభిప్రాయమూ లేనివాళ్లు. ప్రతి ఫ్రేములోనూ గడికి ఒకరు చొప్పున నలభై రెండుమంది కనబడాలి. ఒక మనిషి ఒక గడిలోనే ఉండాలి.

సినిమాలో ముప్పై ఒక్క వేల ఆరువందల ఎనభై ఫ్రేములు ఉంటాయని సుగుణాకర్ లెక్కగట్టి చెప్పాడు. చిదానందంగారు మొహం విప్పార్చి, అయితే అన్నిసార్లు న్యాయం జరుగుతుందన్నమాట అన్నాడు.

*

మనుషుల వేట మొదలైంది. చాలా గడులు తేలిగ్గానే నిండాయి. కళ్లు తిరిగేవాళ్ల గడికి వచ్చినాయన ఇంటర్వ్యూ రెండో అంతస్తులో పెట్టారని తెలిసి కిందే కూలబడ్డాడు. అక్కడికక్కడే ఎంపిక చేశారు. వ్యతిరేకించేవాళ్ల గడికి వచ్చినాయన లిఫ్టునూ, డాక్యుమెంటరీనీ, తన ఎంపికనూ కలిపి వ్యతిరేకిస్తూ సంతకం పెట్టాడు. చదివింది మర్చిపోయినవాళ్లకు మాత్రం విపరీతమైన పోటీ. వడపోతకు రాతపరీక్ష పెడితే అందరికీ సున్నాలే వచ్చి, అందరూ అర్హులయ్యారు.

తంటా అంతా అభిప్రాయం లేనివాళ్లతో వచ్చింది. ఆ గడికి దరఖాస్తు పెట్టిన ప్రతి ఒక్కరికీ, ఆ గడి తనకే రావాలన్న అభిప్రాయం ఉంది. మూడువందల దరఖాస్తులు ఆ కారణంగానే కొట్టేశారు. చివరికి వరండాలో బెంచీ మీద ఒకాయన దొరికాడు. పేరు కిలపర్తి సింహాద్రి. బావమరిది దరఖాస్తు పెట్టడానికి వస్తే తోడు వచ్చాడు. ఎందుకొచ్చావని అడిగితే రమ్మన్నాడండి అన్నాడు. టీ తాగుతావా, కాఫీ తాగుతావా అంటే ఏదైనా పర్లేదండి అన్నాడు. చిదానందంగారు ముప్పై ఏళ్ల సర్వీసులో అంత స్వచ్ఛమైన అభ్యర్థిని చూడలేదట. టీ ఒకటి, కాఫీ ఒకటి ఎదురుగా పెట్టించి పరీక్షించారు. రెండూ చల్లారిపోయాయి.

కొన్ని గడులు ఇంకా తేలకముందే, వాటి బదులు ఆఫీసువాళ్లను నిలబెట్టి, నలభై రెండుమందినీ ఒకే ఫ్రేములో పట్టించి చూడ్డానికి కెమెరా వెనక్కి జరిగింది. జరిగి జరిగి నడుంలోతు నీళ్లలోకి వెళ్లింది. పొడుగువాళ్ల వెనక పొట్టివాళ్లు మరుగున పడుతున్నారని ఫిర్యాదు వస్తే, పొడుగువాళ్లకు ఇసుకలో గోతులు తవ్వి అందర్నీ ఒక ఎత్తుకు తెచ్చారు. క్లోజప్పులు ఒకే ముఖానికి గుత్తాధిపత్యం కట్టబెడుతున్నాయని రద్దుచేశారు. ఇంత చేశాక తెరమీద నలభై రెండు బొట్లు, వాటి వెనక ఆకాశం కనబడ్డాయి. తాడు కనబడలేదు. తాడుకు పట్టికలో గడి లేదు కాబట్టి దాన్ని ఎవరూ అడగలేదు.

సుగుణాకర్‌కు మాత్రం ఒకటే ధ్యాస. ఆ నలభై రెండులో ఒక బొట్టు పోలమ్మది కావాలి.

*

పోలమ్మ దరఖాస్తు పరిశీలించిన చిదానందంగారు తల పట్టుకున్నాడు. ఆమె ఒక్కతే ఏడు గడుల్లో కూర్చుని ఉంది. స్త్రీ. ముసలిది. తీరంమనిషి. చేపలపని. బడికి వెళ్లలేదు. ఎడంచేతివాటం. ఎత్తంటే భయం లేదు.

“ఒక వ్యక్తి ఏడు గడులను ఆక్రమించడం అనేది, ఉద్దేశపూర్వకం కాకపోయినప్పటికీ, దురాక్రమణ కిందికే వస్తుంది,” అన్నాడాయన. ఆరు వదులుకుంటే ఏడోది ఇస్తానన్నాడు.

పోలమ్మ ఏమీ అనుకోలేదు. తనొక్కతే ఏడుగురి పెట్టు అని ఆఫీసువాళ్లే చెప్పారని ఊరంతా చెప్పుకుంది. ఆ తర్వాత కూర్చుని ఒక్కొక్క పరిత్యాగ పత్రం మీదా వేలిముద్ర వేసింది. స్త్రీత్వం వదులుకోవడానికి ఇద్దరు సాక్షులు సరిపోయారు. తీరం వదులుకోవడానికి పంచాయతీ తీర్మానం అడిగారు. ముసలితనం వదులుకోవడానికి తహసీల్దారు సంతకం కావాలన్నారు. సుగుణాకర్ ఆమెను స్కూటరు మీద ఎక్కించుకుని నాలుగుసార్లు తిప్పాడు. నాలుగోసారికి సదరు పోలమ్మ ఇకమీదట వృద్ధురాలు కాదని గుండ్రటి స్టాంపు వేసి ఇచ్చారు.

ఆ రోజంతా నూకరాజుకు పండగే. “ఒదిన వయసు ఒగ్గీసిందంట,” అని కనబడ్డవాడికల్లా చెప్పాడు. “మా అన్నకంటే నాను సిన్నోణ్నే గానీ, ఇప్పుడు ఒదినకంటే పెద్దోణ్ని. ఇకమీదట నన్ను బావా అనాల.”

చేపలపని ఒక్కటి మాత్రం పోలమ్మ ఉంచుకుంది. వదులుకోవడానికి అదేమీ చీర కాదు కదా అంది.

తీరా ఆ గడికి ఇంటర్వ్యూ పెడితే, జిల్లా కేంద్రంలో అలంకరణ చేపలు అమ్మే సుధీర్ అనే కుర్రాడు వచ్చాడు. చేపలతో మీ అనుబంధం వివరించండి అంటే నలభై నిమిషాలు వివరించి, బంగారుచేపకు తన తల్లి పేరు పెట్టిన ఘట్టం దగ్గర కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అదే ప్రశ్న పోలమ్మను అడిగితే, “తింతాం,” అంది. గడి సుధీర్‌కు వెళ్లిపోయింది.

పోనీ వదులుకున్న ఆరింటిలో ఏదో ఒకటి తిరిగి ఇవ్వమని సుగుణాకర్ బతిమాలాడు. పరిత్యజించిన గడిని తిరిగి కోరరాదని తొమ్మిదో నిబంధన. అప్పటికే వాటిలో వేరేవాళ్లు చేరిపోయారు కూడా.

పోలమ్మ ఆఫీసు మెట్లమీద కూర్చుని వక్కాకు నములుతూ ఈ కబురు వింది.

“అయితే నాను ఆడదాన్ని కాను. ముసిల్దాన్ని కాను. మొగదిబ్బదాన్ని కాను. సేపలదాన్నీ కాను. మరి నానేటి బావూ?”

“రికార్డుల ప్రకారం ప్రస్తుతానికి మీరు ఎవరూ కారు మామ్మా.”

ఆమె, అయితే రేపు పొద్దున్న ముడి ఎవరు చూస్తారని అడిగింది. అంతలో అటుగా పోతున్న నూకరాజు ఆగి, మంద ఈ ఏడూ ఉత్తరానికే తిరుగుతుందని గాల్లోకి చెప్పి వెళ్లిపోయాడు. ముప్పై ఒక్క ఏళ్లలో ఆమె ఆ మాటకు జవాబు చెప్పకపోవడం అదే మొదటిసారి.

*

షూటింగు రోజు నలభై రెండుమందికీ ఉతికిన బట్టలిచ్చి కిందితాడు పొడుగునా నిలబెట్టారు. అసలు లాగేవాళ్లు ఎనిమిదిమందినీ, ఎవరూ కాని పోలమ్మనూ కెమెరా వెనక నీళ్లలోకి పంపించారు. ప్రతినిధులు తాడును తాకాలి గానీ లాగకూడదని చిదానందంగారు మైకులో వివరించాడు. లాగితే అది పని కిందికి వస్తుంది, పనిచేసేవాళ్ల గడి వేరే ఉంది.

సరిగ్గా కెమెరా తిరుగుతుండగా సముద్రంమీంచి గాలి విసిరింది. పైతాడు ఊగింది. కిందితాడు వదులై ఇసుకలోకి జారింది. నిచ్చెన పక్కన ముడి గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. అది విడిందంటే ముప్పై ఆరు వేల కిలోమీటర్ల తాడు ఎటు పోతుందో చెప్పగలిగిన ఇంజనీరు ఆ రోజు సెలవులో ఉన్నాడు.

మొగదిబ్బలో ఒక కట్టుబాటు ఉంది. పెద్దవల ఒడ్డుకు లాగేటప్పుడు తాడుమీద చెయ్యేసినవాడు ఎవరన్నా సరే, చుట్టం కానీ, బాటసారి కానీ, పోలీసు కానీ, లాగితీరాలి. లాగినవాడికి చేపల్లో వాటా ఇచ్చితీరాలి. నువ్వెవరని అడగరు. నలభై రెండుమంది తాడుమీద చేతులేసుకుని నిలబడటం పోలమ్మ కళ్లారా చూసింది. ఇక ఆమె వేరే ఆలోచించలేదు. నడుంలోతు నీళ్లలో నిలబడి, ఎనభై పడవలకు వినబడే గొంతుతో అరిచింది.

“సేతులేసినోల్లందరూ లాగండి. ఐలెస్సా.”

ఆ గొంతు విన్నాక లాగకుండా ఉండటం మనిషన్నవాడికి సాధ్యం కాదు. లాగారు. మన్యం, మైదానం, తీరం కలిసి లాగాయి. ఏ చేత్తోనూ ఏ పనీ చెయ్యనాయన రెండు చేతులతోనూ లాగాడు. వ్యతిరేకించేవాళ్ల ప్రతినిధి తిడుతూనే లాగాడు. కళ్లు తిరిగేవాళ్ల ప్రతినిధి కళ్లు మూసుకుని లాగాడు. గోతుల్లో ఉన్న పొడుగువాళ్లకు కాళ్లు దన్నుకోవడానికి మంచి ఆసరా దొరికింది. ముడి తిరగడం ఆగింది, తాడు బిగుసుకుంది, పోలమ్మ నిచ్చెనెక్కి సూదితో నాలుగు పోట్లు పొడిచి దిగింది. మెట్లే మేలనుకునే ఆయన ఒక్కడు మధ్యలో వదిలేసి కూర్చున్నాడు.

ఊళ్లో ఆ రోజు పడ్డ కవళ్లలోంచి నూకరాజు గంపతో వచ్చి తలా దోసెడు పంచాడు. కట్టుబాటు కట్టుబాటే. ఇసుకా, చెమటా, చేపలూ పట్టుకుని ప్రతినిధులు ఒకర్నొకరు చూసుకుని నవ్వుకున్నారు. ఎలా ఉందని ఎవరో సింహాద్రిని అడిగారు.

“బాగుందండి,” అన్నాడు సింహాద్రి.

చిదానందంగారు దగ్గరికొచ్చి, ఆ మాట వెనక్కి తీసుకునే ఉద్దేశం ఉందా అని మెల్లగా అడిగాడు. సింహాద్రి చేతిలో చేపలకేసి చూసుకుని, లేదండి, నిజంగానే బాగుంది అన్నాడు. అతన్ని తక్షణం తొలగించారు.

తీసింది తెరమీద చూశారు. నలభై రెండుమందీ నోళ్లు తెరిచి, నరాలు పొంగి, ఒకేలా ఊగుతున్నారు. ఎవరు ఏ గడో పోల్చుకోవడానికి లేదు. సూచిక వందకు రెండు. ఆ రెండూ కూర్చున్నాయన వల్ల వచ్చాయి.

“ఇంత వైవిధ్యాన్ని సమీకరించి, ఇంత ఏకరూపాన్ని సాధించడం నా సర్వీసులో చూడలేదు,” అన్నాడు చిదానందంగారు.

*

తొలి ప్రయాణం గడువు దగ్గరికొచ్చింది. సీట్లు ఎనిమిది, ప్రతినిధులు నలభై ఒక్కరు. లాటరీ వేద్దామంటే అదృష్టం లేనివాళ్ల పట్ల వివక్ష అవుతుంది. వంతులవారీగా పంపుదామంటే చివరివంతువాళ్లకు చిన్నతనం. నాలుగు సమావేశాలయ్యాక కమిటీ ఒక నిర్ణయానికి వచ్చింది. తొలి ప్రయాణంలో మనుషులెవరూ ఉండరు. గదిని ఖాళీగా పంపి, అందులోంచి కెమెరా తీసిన దృశ్యాలతోనే డాక్యుమెంటరీ పూర్తిచెయ్యాలి. గదిలోకి సాధన సామగ్రి మాత్రం అనుమతిస్తారు.

సుగుణాకర్ ఆ తీర్మానాన్ని మూడుసార్లు చదివాడు. మనుషులెవరూ ఉండరు. పోలమ్మ ఎవరూ కాదని ఆఫీసే కాగితం ఇచ్చింది. అతను కుర్చీలోంచి లేచి, మళ్లీ కూర్చుని, సాధన సామగ్రి జాబితా మొదలుపెట్టాడు. కెమెరా ఒకటి. బ్యాటరీలు నాలుగు. రేడియో ఒకటి. మంచినీళ్ల సీసా ఒకటి. ముడి తనిఖీ నిమిత్తం వల అల్లే సూది ఒకటి. సూదిని పట్టుకునే ఏర్పాటు ఒకటి.

చిదానందంగారు ప్రతి వరుస మీదా వేలు పెట్టి చదివాడు. చివరి వరుస దగ్గర వేలు ఆగింది.

“ఈ ఏర్పాటు బరువెంత?”

“నలభై ఆరు కిలోలండి.”

“సూదికి అంత ఏర్పాటు అవసరమా?”

“ఇంతకన్నా తేలికైనవి వాడి చూశారండి. క్లిప్పులు ఎగిరిపోయాయి.”

ఆయన చాలాసేపు సుగుణాకర్ ముఖంలోకి చూశాడు. తర్వాత కిటికీలోంచి, మెట్లమీద కూర్చున్న పోలమ్మకేసి చూశాడు. పెన్ను తీసి సంతకం పెట్టి, ఏర్పాటు దారిలో ఏమీ తినదుగా అని మాత్రం అడిగాడు. వక్కాకు కొంచెం నములుతుందండి అన్నాడు సుగుణాకర్. అది నిర్వహణ కిందికి వస్తుందన్నాడాయన.

బయటికొచ్చి, సూది పద్దు కింద రాసి పంపిస్తున్నందుకు ఏమీ అనుకోవద్దని సుగుణాకర్ పోలమ్మను బతిమాలుకున్నాడు.

“సూదైతే ఏటి, దబ్బనమైతే ఏటి,” అంది పోలమ్మ. “పైకెల్తాదా లేదా, అది సెప్పు.”

*

కార్తీకమాసం, ఎండ నిలకడగా ఉన్న పొద్దు. ఒడ్డుమీద ఊరు ఊరంతా ఉంది. ప్రతినిధులు తమ వాటా తాడు చూసుకోవడానికి సొంత ఖర్చులతో వచ్చారు. తొలగించిన సింహాద్రి అందరికన్నా ముందొచ్చి టీ కావాలని అడిగి మరీ తాగుతున్నాడు. సుధీర్ గాజుసీసాలో బంగారుచేపను తెచ్చి దానికి సముద్రం చూపిస్తున్నాడు.

సామగ్రిని గదిలోకి ఎక్కించారు. ఏర్పాటు తన కాళ్లమీద తనే నడిచి ఎక్కింది. కొత్త చీర కట్టుకుంది. తలుపు వేసేముందు ఏర్పాటు బయటికి తొంగి చూసి, మరిదికేసి ఒక చూపు చూసింది. గది తాడు పట్టుకుని మెల్లగా పాకి, ముడి దాటి, పైకి లేచిపోయింది.

కెమెరా పంపుతున్న బొమ్మలు కింద తెరమీద పడుతున్నాయి. మొదట కొబ్బరితోపు, తర్వాత ఐసు ఫ్యాక్టరీ, తర్వాత తీరమంతా గీసిన గీతలాగ. ఫ్రేములో మనిషన్నవాడు లేడు. ఓ మూల సూది, సూదిని పట్టుకున్న రెండు ముడతల చేతులు. చిదానందంగారి యంత్రం టిక్కుమనలేదు. ఎవరూ లేనిచోట ఎవరికీ అన్యాయం జరగలేదు కాబట్టి, చరిత్రలో మొదటిసారి సూచిక వందకు వంద చూపించింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. సుగుణాకర్ చేతులు పట్టుకుని, మీరు గొప్ప సినిమా తీశారండీ అన్నాడు.

అప్పుడు రేడియో గరగరలాడింది. రేడియోను ఒడ్డుమీది పెద్ద మైకులకు కలిపి ఉంచారు, ఊరంతా వినాలని. ఆ సంగతి పైనున్న ఏర్పాటుకు ఎవరూ చెప్పలేదు.

“ముడి బాగున్నాది బావూ,” అంది మైకు.

“ఎవరది మాట్లాడుతున్నది?” అన్నాడు చిదానందంగారు.

“సూదండి,” అన్నాడు సుగుణాకర్.

ఆయన వెంటనే నోటు పుస్తకం తీశాడు. సామగ్రిలో సూదికి మాత్రమే మాట్లాడే అవకాశం లభించిందని, కెమెరాకూ, బ్యాటరీలకూ అలాంటి అవకాశం కల్పించే విషయం పరిశీలించాలని రాసుకోసాగాడు.

తర్వాత చాలాసేపు మైకులో గాలి చప్పుడే. నూకరాజు చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని, గది ఉన్న చోటుకేసి, చీమంతయినా కనబడని చోటుకేసి చూస్తూ నిలబడ్డాడు.

మళ్లీ గరగర. ఈసారి గొంతు తగ్గించి, రహస్యంలా వచ్చింది. ఊళ్లో నూట అరవై గడపలకూ స్పష్టంగా వినబడింది.

“బావూ, సుగుణాకరూ. మంద కనబడతన్నాది. మొగ దాటి ఉత్తరానికే తిరిగినాది. ఆడు సెప్పిందే నిజిం. నాదే తప్పు. కానీ బావూ, నీకు పున్నెం ఉంతాది, ఆడికి మాత్రం సెప్పకు.”

ఊరంతా తిరిగి నూకరాజు వైపు చూసింది. నూకరాజు నవ్వలేదు, తొడ కొట్టలేదు. పంచె సర్దుకుని, ఇసుకలో మెల్లగా నడుచుకుంటూ వచ్చి, సుగుణాకర్ చేతిలోంచి రేడియో తీసుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

“ఒదినా,” అన్నాడు ఎంతో వినయంగా. “గాలికి సరీగా ఇనబళ్లేదు. ఇంకోపాలి సెప్పు.”